పొద్దున తాగాడని చెప్పాను

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అన్నం తింటాను, నవ్వుతాను, పాఠం చెబుతాను, అన్నీ మామూలుగానే జరిగిపోతాయి. ఎప్పుడో ఒకసారి మింగబోతే గుచ్చుతుంది. ఇంకా అక్కడే ఉందని అప్పుడు తెలుస్తుంది.

మా మీటింగుల్లో పేరు చెప్పి మొదలుపెడతాం. ఫలానా నేను, తాగుబోతుని అని. ఇక్కడ పేరు చెప్పను. తాగుబోతునని మాత్రం చెబుతాను, అది చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. ఎన్నోసార్లు చెప్పి అలవాటైపోయింది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఒక తప్పును పదిమందిలో ధైర్యంగా ఒప్పుకునేవాణ్ణి చూసి, ఇతను కడుపులో ఏమీ దాచుకోడని వినేవాళ్లు అనుకుంటారు. నేను అదే చాటున ఇంకోదాన్ని దాచుకున్నాను. మంచి చోటే దొరికింది, ఎవరూ వెతకలేదు.

ఆ రోజుల్లో నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవాణ్ణి. మాది తెనాలి వైపు. జిల్లాల నుంచి డిగ్రీలు పట్టుకుని దిగిన పిల్లలు ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఇరుక్కుని ఉండి, పొద్దున్నే వచ్చి మెట్ల మీద వరస కట్టేవాళ్లు. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు ఎలా పట్టాలో వాళ్లకు నేర్పేవాణ్ణి. సాయంత్రం బ్యాచ్ అయ్యాక తాగేవాణ్ణి. కొన్నాళ్లకు బ్యాచ్‌కి ముందే తాగడం మొదలైంది. వక్కపొడి నములుతూ పాఠం చెప్పేవాణ్ణి, పిల్లలకు తెలియదనుకునేవాణ్ణి. వాళ్లకు తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ తెరిస్తే మూత కింద పేపర్ ముక్క ఉంది. నా భార్య ఏదో ప్రకటన కత్తిరించి పెట్టింది. తాగుడు మానాలని ఉందా, మాకూ ఉండేది, వచ్చి కూర్చోండి అని రెండు లైన్లు, కింద పంజాగుట్టలో ఒక స్కూలు గుర్తులు, సాయంత్రం వేళ. పెరుగు తగిలి సగం అక్షరాలు అలుక్కుపోయాయి. ఇంటికి వెళ్లాక తను ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ వారమంతా స్కూలుకి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి, లోపలికి వెళ్లేవాళ్లను చూసి వెనక్కి వచ్చేవాణ్ణి. వాళ్లలో ఒక్కడూ తాగుబోతులా లేడు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, స్కూటర్లకు జాగ్రత్తగా తాళాలు వేసుకుని నిమ్మళంగా లోపలికి పోతున్నారు. నాకు వాళ్లను చూస్తే భయమేసింది.

చివరికి వెళ్లాను. అది పిల్లల క్లాసు రూము. బోర్డు మీద చెరిపీ చెరపని ఎక్కాలు. చిన్న బెంచీల మీద పెద్ద మనుషులు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఖాదర్ భాయ్ అని, పంజాగుట్టలో కళ్లద్దాల షాపు ఉన్న పెద్దాయన, గ్లాసులో చాయ్ పోసి చేతికిచ్చాడు. "కూసో అన్నా. మాట్లాడకున్నా పర్వా లేదు. జర దమ్ తీసుకో" అన్నాడు. అంతే. ఆ చాయ్ తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

అక్కడ ఎవరూ ఎవరికీ సలహాలివ్వరు. ఎవరి సంగతి వాళ్లు చెప్పుకుంటారు, మిగతావాళ్లు వింటారు. ఒక్క విషయంలో మాత్రం ఖాదర్ భాయ్ పద్ధతి పక్కన పెట్టి గట్టిగా చెప్పేవాడు. ఏళ్ల తరబడి తాగుతున్నవాడు, పొద్దున కళ్లు తెరవగానే తాగేవాడు, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాణ్ణి ముందు డాక్టర్ దగ్గర చేర్చి, మందులతో ఆపించి, ఆ తర్వాతే మీటింగుకు తేవాలి. "మనం మాటలు చెప్పెటోళ్లం. డాక్టర్లం కాము. గిది యాద్ పెట్టుకోండి" అనేవాడు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా ఇది విన్నాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

నేను మానినప్పుడు రెండు మూడు రోజులు చేతులు వణికాయి, దుప్పటి తడిసేలా చెమటలు పట్టాయి, తగ్గిపోయింది. అందరికీ ఇంతే కాబోలు అనుకున్నాను. అనుకోవడమేంటి, నాకంటే బాగా తెలిసినవాడు లేడన్నట్టు తయారయ్యాను. మానేసిన కొత్తలో మనిషికి ఒక రకమైన పొగరు వస్తుంది. తాగుడు పొగరు కంటే అది ఎక్కువ మర్యాదగా కనిపిస్తుంది, అందుకే ఎవరూ పట్టుకోలేరు.

మా ఇన్‌స్టిట్యూట్ మెట్ల కింద మల్లేశ్ జిరాక్స్ షాపు ఉండేది. కోర్సు మెటీరియల్ అంతా అక్కడే కాపీలు తీసి బైండింగ్ చేసేవాడు. సిద్దిపేట వైపు మనిషి. పొద్దున షట్టర్ ఎత్తకముందే ఒక క్వార్టర్ పడాలి, లేకపోతే చేయి ఆగదు. పడ్డాక మాత్రం చక్కగా పనిచేసేవాడు, తూలడం ఎరగడు. భార్య పేరు పద్మ. కూతురు శ్రావణి అప్పుడు చిన్న క్లాసుల్లో ఉంది. నాలో మార్పు చూసి ఒకరోజు, "సార్, మీరెట్ల మానిన్రు?" అని అడిగాడు. మీటింగుకు తీసుకెళ్లాను. నా పక్కనే కూర్చుని నా మాటలు వింటూ తలూపాడు. సార్ అనడం మాని అన్నా అనడం మొదలుపెట్టాడు. నన్ను చూసి ఒక మనిషి బాగుపడాలనుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఎంత సంతోషించానో చెప్పలేను.

దసరా దగ్గర పడుతుంటే ఒకరోజు షాపు మూసే వేళకి నన్ను ఆపాడు. "నేను బిడ్డ నెత్తి మీద చెయ్యేసి ఒట్టేసిన అన్నా, పండుగ సెలవులు పడ్డ దినం నుంచి ఇగ ముట్టనని. కానీ పండుగకు ఇంట్ల ఆగుడు నాతోని కాదు. బామ్మర్దులొస్తరు, యాట కోస్తరు, సీసాలు తెరుస్తరు. నన్ను ఎక్కడన్న దాచిపెట్టు" అన్నాడు. నేను ఏదో అనబోయేలోపే, "ఎర్రగడ్డకు మాత్రం వద్దే. పిచ్చాసుపత్రికి పోయిండంటే రేపు నా బిడ్డను ఎవడు చేసుకుంటడు?" అన్నాడు.

డాక్టరంటే ఎర్రగడ్డే కానక్కర్లేదని, పంజాగుట్టలో అడుగడుగునా ఆస్పత్రులున్నాయని, జ్వరానికి చేరినట్టే చేరవచ్చని నేను చెప్పాలి. చెప్పలేదు. "ఏ డాక్టరూ అక్కర్లేదు. నేను మానలేదా?" అన్నాను.

ఖాదర్ భాయ్‌కి ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని తెలుసు. మా దగ్గర ఏడాది తాగకుండా ఉంటే దాన్ని పుట్టినరోజు అంటారు. కేకు కోసి, చిన్న మెడల్ చేతిలో పెడతారు. దసరా వెళ్లాక నా పుట్టినరోజు. ఆ రోజు మల్లేశ్ నా పక్కన నిలబడాలి, వీణ్ణి నేనే మాన్పించానని నేను చెప్పకుండానే అందరికీ తెలియాలి. నా మనసులో ఉన్నది అది. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను, అదీ అబద్ధం కాదు. రెండూ కలిసే ఉన్నాయి. ఏది ఎంత అని ఇప్పటికీ విడదీయలేను.

పండగకు ఇన్‌స్టిట్యూట్‌కి సెలవులు. తాళాలు నా దగ్గరే ఉండేవి. ఏసీ ఉన్న కంప్యూటర్ ల్యాబ్‌లో చాప వేశాను. బ్రెడ్డు, మజ్జిగ ప్యాకెట్లు, నీళ్లు పెట్టాను. తాగుడు దొరకని చోటికి పోతున్నానని, పండగ దాటాక వస్తానని భార్యకు చెప్పి వచ్చాడు. ఎక్కడికో చెప్పలేదు, చెబితే బామ్మర్దులు వెతుక్కుంటూ వస్తారని. "బయట తాళమెయ్యి అన్నా. నేనే అడిగినా తియ్యకు" అన్నాడు. వేశాను. గ్రిల్ గేటుకు తాళం వేస్తూ నవ్వుకున్నాం కూడా.

మొదటి రోజు వణికాడు. ఇది మామూలే, తగ్గిపోతుంది అని చెప్పాను. మర్నాడు ఒళ్లంతా చెమటలు, ఏది తాగినా వాంతి. ఇది కూడా మామూలే అన్నాను. పండగ నాడు పొద్దున వెళ్లేసరికి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఏమీ లేదు. చేతులు మాత్రం కాగితాలు పేరుస్తున్నాయి. ఒకటి తీసి, ఇంకోదాని మీద పెట్టి, అంచులు నేలకు తట్టి సమం చేసి, పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి. "పేజీలు కలుస్తలేవన్నా. పోరలు నిలబడ్డరు, బ్యాచ్ టైమైతుంది" అన్నాడు. ఎదురుగా గుడ్డలు కప్పిన కంప్యూటర్ల వైపు చూసి, "జర ఆగున్రి" అన్నాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. ఒళ్లు కాలిపోతోంది.

అప్పుడు నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాని ఖాదర్ భాయ్ చెప్పిన మాటలు అక్షరం పొల్లుపోకుండా చెవిలో వినిపించాయి. ఆస్పత్రి ఆటోలో ఎక్కితే ఎంతో దూరం లేదు.

నేను ఇంటికి వెళ్లాను. నా భార్య పండగకి వాళ్ల అన్నయ్యవాళ్లను భోజనానికి పిలిచింది. నేను మానేశాక మొదటి దసరా. భోజనం వేళకి ఇంట్లో లేకపోతే మళ్లీ మొదలుపెట్టాననుకుంటుంది, వాళ్ల ముందు తన మొహం చిన్నబోతుంది. వెళ్లి వచ్చేస్తాను, వచ్చాక చూద్దాం అనుకున్నాను. గేటుకు తాళం వేశాను. పులిహోర తిన్నాను. మా బావగారు నా భుజం తట్టి, మనిషివయ్యావయ్యా అన్నారు.

పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చాను. రోడ్డు మీద జనం జమ్మి ఆకులు చేతుల్లో పెట్టుకుంటూ కావలించుకుంటున్నారు. ఎవరో తెలియని మనిషి నా చేతిలోనూ ఆకు పెట్టి వెళ్లాడు. పైకి వెళ్లి చూస్తే, మల్లేశ్ టేబుళ్ల మధ్య పక్కకు తిరిగి పడి ఉన్నాడు. నాలుక కరుచుకున్నట్టుంది, నోటి పక్కన నెత్తురు. ఊపిరి గురకలా వస్తోంది. చాప ఎక్కడో దూరంగా ఉంది. కుర్చీలు పడిపోయి ఉన్నాయి. ఎంతసేపు కొట్టుకున్నాడో, పిలిచాడో, ఎవరిని పిలిచాడో నాకు తెలియదు.

మెట్లు దింపడానికి ఆటో ఆయన సాయం పట్టాడు. "పండుగ పూట మస్తు తాగినట్టుండు" అన్నాడు. నేను కాదనలేదు. ఆ అబద్ధం మొదట పుట్టింది నా నోట్లో కాదు. ఎవరో దారిన పోయేవాడు చేతిలో పెట్టాడు, నేను పుచ్చుకున్నాను. పంజాగుట్ట చేరేలోపు దాన్ని నాదిగా చేసుకున్నాను.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు కనురెప్పలు ఎత్తి చూస్తూ అడిగాడు.

"మీకేమవుతారు?"

"తెలిసినాయనండి. జిరాక్స్ షాపు. రోడ్డు పక్కన పడి ఉంటే తీసుకొచ్చాను."

"తాగుతాడా?"

"తాగుతాడు సార్."

"చివరిసారి ఎప్పుడు తాగాడో తెలుసా?"

నిజం చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ఎవరు ఆపించారు, ఎక్కడ ఉంచారు, తాళం ఎవరు వేశారు.

"పొద్దున తాగాడు సార్."

"వాసన రావట్లేదే?"

"మొహం కడిగించానండి."

ఆయన తలెత్తి నన్నొకసారి చూశాడు. తర్వాత రాసుకున్నాడు.

నిజం చెప్పి ఉంటే వేరే మందు ఇచ్చేవాడా? బతికేవాడా? అప్పటికే చేయి దాటిపోయిందా? ఏ డాక్టరును అడిగినా చెబుతాడు. ఇన్నేళ్లలో ఎందరో డాక్టర్ల ఎదురుగా కూర్చున్నాను, మా మీటింగుకు వచ్చి మాట్లాడిన డాక్టర్లకు నేనే పూలదండలు వేశాను. అడగలేదు. చేయి దాటిపోలేదని చెబుతారేమోనని భయం.

కబురు తెలిసి పద్మ వచ్చింది. పండగ చీరలోనే ఉంది. కొంగున జమ్మి ఆకు ముడి వేసి ఉంది, మొగుడికి ఇద్దామని దాచినట్టుంది. "బిడ్డ మీద ఒట్టేసిండన్నా. తాగుడు దొరకని కాడికి పోతున్న అన్నడు. గీ ఒక్క పండుగకు సుత ఆగలేదా?" అని నన్ను అడిగింది. నేను తల దించుకున్నాను. అదే జవాబనుకుంది. తెల్లారేలోపు మల్లేశ్ పోయాడు. తాగుబోతు పోతే ఎవరూ పెద్దగా ప్రశ్నలు వేయరు. కేసు లేదు, గొడవ లేదు. నేను ల్యాబ్ తుడిచి, కుర్చీలు సర్ది, చాప ఇంటికి తీసుకుపోయాను.

ఆ తర్వాత మీటింగులో నా పుట్టినరోజు చేశారు. మెడల్ ఇచ్చారు. మల్లేశ్ కోసం కాసేపు మౌనంగా నిలబడ్డాం. చూశారా, ఒక్క పండక్కి జారితే ఏమైందో అని ఎవరో అన్నారు. ఖాదర్ భాయ్ మాత్రం చాయ్ గ్లాసులు తీస్తూ, "పొద్దున తాగిండన్నవు కదా. ఎవలు చూసిన్రు?" అని నన్ను మెల్లగా అడిగాడు. ఎవరో అన్నారు భాయ్ అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఇప్పుడాయన లేడు. ఉన్నంతకాలం నాకు చాయ్ మాత్రం తన చేత్తోనే పోసిచ్చేవాడు. తెలిసి పోశాడా, తెలియక పోశాడా అని ఎన్నిసార్లు ఆలోచించానో.

నేను మళ్లీ తాగలేదు. ఈ రోజు వరకూ చుక్క ముట్టలేదు. ఎంత పట్టుదలండీ మీది అంటారు. పట్టుదల కాదు. తాగితే నోరు జారుతుందని భయం. కొత్తవాళ్లు వస్తే మల్లేశ్ కథ చెప్పేవాణ్ణి. ఒట్టు వేసి తప్పినవాడి కథ. బాగా చెప్పేవాణ్ణి, కొందరు అది విని మానేశారు కూడా. ఆ మానేసినవాళ్లు పండగలకు నాకు స్వీట్లు పంపుతారు. నేను తినలేను, ఎవరికో ఇచ్చేస్తాను.

షాపు పద్మ నడిపింది. ఇన్‌స్టిట్యూట్ పని అంతా అక్కడికే పంపేవాణ్ణి, అదేదో ప్రాయశ్చిత్తం అన్నట్టు. ఒకసారి శ్రావణికి టైఫాయిడ్ వచ్చి చాలా రోజులు తగ్గలేదు. పద్మ మిషన్ ఆపేసి, కౌంటర్ మీద చేతులు పెట్టుకుని అంది. "వాళ్ల నాయన ఒట్టు తప్పిండు కదన్నా. అది పిల్లకు తగిలింది. దీనికి ఏమన్నయితే ఆయనను సచ్చినంక సుత క్షమించ." అప్పుడు చెప్పాలి. ఒక్క వాక్యం. ఆ తల్లి భయం అక్కడికక్కడే తీరిపోయేది. నేనేమన్నానో తెలుసా? అలాంటివన్నీ నమ్మకండి అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా.

పిల్లకి జ్వరం తగ్గింది. భయం తగ్గలేదు. పరీక్ష తప్పినా, బండి మీంచి పడ్డా, పద్మ మనసు ఆ ఒట్టు దగ్గరికే పోయేది. ఇంట్లో మల్లేశ్ ఫోటో పెట్టలేదు.

మొన్న శ్రావణి నిశ్చితార్థానికి పెద్దమనిషిగా నన్ను పిలిచారు. ఆ పిల్ల ఇప్పుడు మంచి కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. అబ్బాయి ఎలా నచ్చాడమ్మా అని మామూలుగా, నవ్వుతూ అడిగాను. "ఆయన దేనికీ ఒట్టు వెయ్యడు అంకుల్. అదే నచ్చింది. మా డాడీ లెక్క నా నెత్తి మీద చెయ్యి పెట్టి మాటిచ్చే మనిషి నాకు వద్దు" అంది. తనూ నవ్వుతూనే అంది. నేను ఆ పూట అక్షింతలు వేశాను, భోజనం చేశాను. మెట్రో ఎక్కి ఇంటికి వచ్చి ఇది మొదలుపెట్టాను.

ఈ కాగితాలు పద్మ చేతికి ఇస్తానా? తెలియదు. ఇస్తానని రాస్తే మీరు నన్ను కాస్త మంచివాడనుకుంటారు, అందుకని రాయను. క్షమించమని అడగను. అడగవలసింది మిమ్మల్ని కాదు.

ఇంకొక్క సంగతి ఉంది. పైన రాస్తూ రాస్తూ దాన్ని దాటేసి వచ్చాను. పండగ నాడు పొద్దున, లేని కాగితాలు పేరుస్తున్న ఆ చేతులు చూసి నాకు భయమేసింది. ఎలాగైనా ఆ చేతులు ఆగితే చాలనిపించింది. వంగి, మల్లేశ్, పోనీ ఒక్క గుక్క తెస్తాను, తాగు, ఎవరికీ చెప్పను అన్నాను. మీటింగుల్లో అంత మాట్లాడేవాణ్ణి, నేనే అన్నాను. అతని చేతులు ఆగాయి. నా మణికట్టు పట్టుకున్నాడు. అంత జ్వరంలోనూ ఆ నిమిషం నన్ను గుర్తుపట్టాడు.

"వద్దన్నా" అన్నాడు. "బిడ్డ నెత్తి మీద చెయ్యేసిన."

తర్వాత నా చేయి వదిలి మళ్లీ పేజీలు తీసుకున్నాడు. నేను బయటికి వచ్చి తాళం వేశాను.

మల్లేశ్ ఒట్టు తప్పలేదు. ఇంతకాలం ఇది నాకొక్కడికే తెలుసు.